లైటు వేసి చూపు

బియ్యంలో రాళ్లు ఏరమంది మా అత్త బాలనర్సమ్మ. ఇవాళ ఆడబిడ్డ సుమనకు ఒడిబియ్యం పోస్తారు. ఏరి, చెరిగి, పసుపు కలిపి పళ్లెంలో పెట్టేదాకా నా చేతులు పనికొస్తాయి. ఒడిలో పోయడానికి మాత్రం పనికిరావు. "నువ్వు పొయ్యకు సుహాసినీ. నీ కడుపుల ఒక్కటి నిలుస్తలేదు. దానికి మంచిది గాదు," అంది, ఉప్పు డబ్బా అందుకొమ్మన్నంత మామూలుగా. నేను సరేనని చాట అందుకున్నాను. ఈ ఇంట్లో సరే అన్నంత తేలిగ్గా నాకు మరో మాట రాదు.

నెల తప్పడం, కొన్ని వారాలకే పోవడం. ప్రతిసారీ ఇంతే. దవాఖాన బల్ల మీద కాళ్లు ఎడంగా పెట్టుకుని, లోపలికి మందు ఎక్కిస్తుంటే పళ్లు బిగబట్టింది నేను. మా ఆయన విజేందర్ బయట చాయ్ తాగుతూ కూర్చునేవాడు. ఆయనకు ఒక్కసారి పరీక్ష చేస్తే అంతా బాగుందన్నారు. కణాలు బోలెడున్నాయట, చక్కగా ఈదుతున్నాయట. ఆ రోజు మా అత్త వాకిట్లో వాళ్లకు బెల్లం పంచింది. నా పరీక్షల్లోనూ ఏ లోపం దొరకలేదు గానీ, నా గర్భసంచి బాగలేదన్న మాట అప్పటికే షాద్‌నగర్ బస్టాండు దాకా పాకింది.

నేను పనిచేసేది హైదరాబాద్ రోడ్డు మీద ఒక పరిశోధనశాలలో. వీర్యకణానికి తలకీ తోకకీ మధ్య చిన్న మెడ ఉంటుంది. ఆ మెడలో ఒక ప్రోటీన్ ఎక్కడ ఉందో వెతకడమే నా పని. మామూలు మైక్రోస్కోపులో అక్కడ ఒక మచ్చ కనబడుతుంది, అంతే. మా దాంట్లో రంగు అంటించిన ప్రోటీన్లు చీకట్లో ఒకటొకటిగా మిణుక్కుమంటాయి. ఏ మిణుకు ఎక్కడ పడిందో కంప్యూటరు గుర్తు పెట్టుకుంటుంది. వేల మిణుకులు పోగయ్యాక ఆ మచ్చ విడిపోయి రెండు వరుసలుగా తేలుతుంది. నారాయణపేటలో మా అమ్మ మగ్గం మీద అంచు పోగులు నిలబడ్డంత శుభ్రంగా. ఆ వరుసలు చెదిరినా కణం ఈదుతుంది, అండాన్ని చేరుతుంది కూడా. పిండం మాత్రం నిలవదని మా అనుమానం.

ఆయన నమూనా కూడా ఇమ్మని ఎన్నాళ్లో బతిమాలాను. చివరికి సంతకం పెట్టాడు. "చూస్కో. తప్పు నీదేనని నీ మిషినే చెప్తది," అన్నాడు. కౌంటర్‌లో ఇవ్వడానికి మాత్రం సిగ్గు. "నువ్వే పట్కపో. చల్లబడొద్దట," అని సీసా నా చేతిలో పెట్టాడు. దాన్ని బొడ్లో దోపుకుని బస్సెక్కాను. కండక్టరు చిల్లర అడిగితే అలవాటుగా చేయి అక్కడికే పోయింది. మా దగ్గర నమూనాల మీద పేర్లుండవు, అంకెలే. మొగుడి సీసాను ఒంటికి ఆనించుకుని తెచ్చినదాని దగ్గర అంకె ఏం దాస్తుంది?

ఆ నమూనాను మైక్రోస్కోపు కింద పెట్టిన రోజు, బొమ్మ సగం తేలుతుండగా ఫోన్ మోగింది. తీయకపోతే మళ్లీ మోగింది. తీశాను. వీడియో కాల్.

"చీకట్ల ఎవనితోని ఉన్నవ్?"

"పని నడుస్తాంది. ఇప్పుడు లైటు వేస్తే అంతా పాడైతది."

"లైటు వెయ్యి. గదిల ఎవరున్నరో చూపు."

వేశాను. కెమెరా అంతా తెల్లగా అయిపోయింది. అప్పటిదాకా మిణుక్కుమన్న రంగు మాడిపోయింది, ఆ కణంతో ఇక పనిలేదు. ఫోన్ పట్టుకుని నాలుగు మూలలూ తిప్పాను. తలుపు వెనక చూపించాను. "టేబుల్ కింద," అన్నాడు. వంగి అదీ చూపించాను. "ఆ, పని చేస్కో ఇగ," అని పెట్టేశాడు. ఎంత ఏడుపు వచ్చిందంటే, కన్నీళ్లు మిషను మీద పడతాయని దూరం జరిగి నిలబడ్డాను.

లైటు ఆర్పి ఇంకో కణం పెట్టాను. వరుసలు లేవు, చుక్కలన్నీ చెల్లాచెదురు. ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. ఇంకోటి చూశాను. మరోటి చూశాను. ఎక్కడా వరుసలు లేవు. మా మేడమ్ కూడా చూసి, ఇంకో నమూనా తెప్పించమంది. ఆ సాయంత్రమే ఆయనకు చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను గానీ నవ్వాడు. "మిషిను నీది, చెయ్యి నీది. ఏది కావాల్నంటే అది చూపిస్తది. బయట అన్నవో, నాలుక కోస్త," అన్నాడు. వారం తిరక్కుండానే మేనమామ కూతురు వర్షితను ఆయనకు అనుకున్నారు. నేను విడాకుల కాగితం మీద సంతకం పెడితే చాలట.

పెట్టేసి పోదామనే ఉంది నాకు. ఒక్క మాట చెప్పకుండా పోవాలని కూడా ఉంది. రేపు ఆ బల్ల మీద ఇంకొకతి పడుకుంటుంది, మా అత్త ఇంకొకతిని తిడుతుంది, అప్పుడు వీళ్లకు తెలుస్తుంది. ఈ ఆలోచన ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అంతలో ఆ వర్షితే వచ్చి చాట ముందు నా పక్కన కూర్చుంది. కిటికీలు మూసిన గదిలో కళ్లు చికిలించుకుని, "అక్కా, నేను గూడ ఏరుత," అని బియ్యంలో వేళ్లు పెట్టింది.

"నీకెందుకే? నువ్వు ఒడి పట్టేదానివి. వచ్చే యేడు నీ ఒళ్లోనే పోస్తం," అంది మా అత్త వంటింట్లోంచి.

వర్షిత గొంతు తగ్గించింది. "అక్కా, నీకు గర్భసంచి బాగలేదటగదా. బావ చెప్పిండు. నొప్పి లేస్తదా?"

నా నొప్పి గురించి ఈ ఇంట్లో ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి. చేతిలో రాయి అలాగే ఉండిపోయింది. ఒకరి నమూనా సంగతి ఇంకొకరికి చెప్పకూడదని నాకు తెలుసు. తెలిసే లేచాను. లైటు వేశాను. ఫోన్‌లో ఆ చెదిరిన చుక్కల బొమ్మ తీసి చాటలో బియ్యం మీద పెట్టి, "నాకేం బాగలేకుండ లేదు. ఇది మీ బావది," అని మొదలుపెట్టాను.

"పట్టపగలు లైటెందుకే?" బయటి గదిలోంచి విజేందర్ అరిచాడు.

"గదిల ఎవరున్నరో చూపిస్తున్న," అన్నాను.