గుంతలో వేపకొమ్మ

కాంట్రాక్టరు జగపతికి ఈ జన్మలో ఇంకో సర్కారు రోడ్డు పని దొరకకూడదు. మూడేళ్ళుగా నేను తిన్న ప్రతి ముద్దా ఈ ఒక్క కోరికతోనే గొంతు దిగింది. అతని కాళ్ళు విరగాలని నేను ఏ దేవుడికీ మొక్కలేదు. రోడ్ల మీద బతికేవాణ్ణి రోడ్ల మీద లేకుండా చేయాలి, అంతే.

నా పెనిమిటి ఐలేశ్ నర్మెట్టకు ముందు వచ్చే కల్వర్టు దగ్గర పోయాడు. జనగామలో మోటార్లు రిపేరు చేసే షాపు మూసేసి, బండి మీద ఇంటికి వస్తున్నాడు. వాన నీళ్ళు నిండి గుంత కూడా రోడ్డులాగే కనబడింది. ముందు చక్రం అందులో దిగింది, మనిషి ఎగిరి కల్వర్టు గోడకు తగిలాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. కాగితాల్లో మాత్రం తప్పు అతనిదేనని రాశారు. బండి వేగంగా నడిపాడట. ఆ డొక్కు బండి వేగంగా పోవడం నేనైతే ఏనాడూ చూడలేదు.

ఆ గుంత ఊరివాళ్ళకు కొత్తది కాదు. మా దిక్కు రోడ్డు మీద గుంత పడితే ఎవరో ఒకరు చెట్టుకొమ్మ విరిచి అందులో నాటుతారు. దూరం నుంచే కొమ్మ కనబడుతుంది, బండ్లు పక్కకు తప్పుకుంటాయి. ఆ గుంతలోనూ వేపకొమ్మ ఉండేది. ఐలేశ్ పోవడానికి రెండు రోజుల ముందు జగపతి మనుషులు దాన్ని పీకేసి, గుంతలో మొరం పోసి, పైన కాస్త తారు చల్లారు. ఆ రోజు ఇంజనీర్లు చివరి తనిఖీకి వస్తున్నారు మరి. పాత పద్ధతి కాంట్రాక్టులో రోడ్డు వేసినవాడి బాధ్యత రెండేళ్ళే. అవి ఆ రోజుతో తీరిపోయాయి. సంతకాలయ్యాయి. మర్నాడు పడ్డ వానకు మొరం కొట్టుకుపోయింది. గుంత మిగిలింది, కొమ్మ లేదు.

దినాలయ్యాక నేనూ మా అత్త పోచమ్మా జగపతి ఆఫీసుకు పోయాం. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మర్యాదకేం తక్కువ చేయలేదు. కొమ్మ ఎందుకు పీకించావని అడిగితే, ఏ కొమ్మ అన్నాడు.

"సంతకాలు అయిపోయినయ్ చెల్లె. ఇగ గా రోడ్డుకు నాకు ఏం సంబంధం లేదు."

మా అత్త చాయ్ ముట్టకుండా లేచింది. నేను మాత్రం తాగాను. ఆ మాట మరిచిపోకుండా ఉండాలని చివరి గుక్క దాకా తాగాను.

పోయిన ఏడాది అదే రోడ్డును కొత్త పద్ధతిలో కాంట్రాక్టుకిచ్చారు. ఇందులో రోడ్డు వేసినవాడే ఏడేళ్ళు దాన్ని చూసుకోవాలి. బొటనవేలు లోతు గుంత పడినా, అది ఫోన్ యాప్‌లో ఎక్కిన గంట నుంచి రెండు రోజుల్లో పూడ్చాలి. గడువు దాటితే ఒక తప్పు. ఏడాదిలో మూడు తప్పులైతే కాంట్రాక్టు రద్దు, ఆ మనిషి మళ్ళీ ఎక్కడా టెండరు వేయడానికి లేదు. సంతకం పెట్టించుకుని చేతులు దులుపుకునే దారి మూసుకుపోయింది. అలాంటి రోడ్డును పట్టుబట్టి మరీ తెచ్చుకున్నవాడు జగపతి. ఆ వార్త విన్న రోజు నేను ఇంట్లో ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను.

పెళ్ళికి ముందు మహబూబాబాద్‌లో అమ్మగారింట్లో ఉండి చదివిన సివిల్ డిప్లొమా నా దగ్గర ఉంది. ట్రంకుపెట్టె అడుగునుంచి ఆ సర్టిఫికెట్ తీసి, రోడ్డును తనిఖీ చేసే కంపెనీలో ఇన్‌స్పెక్టరుగా చేరాను. రోజూ స్కూటీ మీద జనగామ నుంచి నర్మెట్ట దాకా పోవడం, గుంత కనబడితే కొలిచి ఫొటో తీసి ఎక్కించడం నా పని. ఎనిమిది నెలల్లో రెండు తప్పులు పడ్డాయి. రెండూ నిఖార్సయినవే. గుంత చూసిన నిమిషంలోనే ఎక్కించాను, అతని మనుషులే గడువు దాటించారు. ఇంకొక్కటి కావాలి.

జులై వానల్లో ఒక సోమవారం పొద్దున ఆ కల్వర్టు దగ్గరే కొత్త గుంత కనబడింది. ఐలేశ్ పడ్డ చోటుకు పది అడుగుల దూరం కూడా ఉండదు. బండి ఆపి స్కేలు పెట్టి చూశాను. జానెడు వెడల్పు, నాలుగు వేళ్ళ లోతు. ఫోన్ బయటికి తీశాను, మళ్ళీ సంచిలో పెట్టేశాను.

జగపతి కూలీలు, మిషన్లు ఎప్పుడెక్కడ ఉంటాయో అతనికంటే నాకే బాగా తెలుసు. బుధవారం సాయంత్రం అందరూ భూపాలపల్లి దిక్కు, కాటారం దగ్గర ఇంకో పనికి పోతున్నారు. ఆదివారం దాకా తిరిగి రారు. ఇప్పుడు ఎక్కిస్తే రేపే పూడ్చేస్తారు. గురువారం ఎక్కిస్తే శనివారానికి మూడో తప్పు పడుతుంది. నేను చేయాల్సిందల్లా మూడు రోజులు ఊరుకోవడమే.

ఊరుకున్నాను. మంగళవారం పోయేసరికి ఎవరో ఆ గుంతలో వేపకొమ్మ నాటారు. ఆకుపచ్చగా నిలబడి ఉంది. దాన్ని చూశాక నా గుండె తేలికపడింది. కొమ్మ ఉంది కదా, ఎవరూ పడరులే అనుకున్నాను.

గురువారం పొద్దున వెళ్ళేసరికి ఆకులు వాడి వేలాడుతున్నాయి. అప్పుడు తట్టింది నాకు. ఫొటోలో ఈ వాడిన కొమ్మ పడితే గుంత పాతదని ఎవరైనా కనిపెడతారు. రోజూ తిరిగే ఇన్‌స్పెక్టరు సోమవారం ఏం చేసిందని జగపతి అడుగుతాడు, తప్పు కొట్టేయించుకుంటాడు. కొమ్మ పట్టుకుని పీకి, పక్కనున్న పొదల్లోకి విసిరేశాను. దాని చోట పచ్చి కొమ్మ పెట్టొచ్చు కదా అని తర్వాత నన్ను నేనే ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. ఆ నిమిషంలో ఆ ఆలోచనే రాలేదు. నాకు గుంత కనబడలేదు, మూడో తప్పు ఒక్కటే కనబడింది.

ఫొటో కోసం వంగానో లేదో నర్మెట్ట వైపు నుంచి ఒక బండి వచ్చింది. మొగుడూ పెళ్ళాలు, మధ్యలో పసిపిల్ల. గుంత నిండా నీళ్ళే. చెయ్యి ఊపాలని కూడా నాకు తోచలేదు. చక్రం గుంతలో పడి బండి ఒరిగింది. అతను కాలు ఆనించి, కల్వర్టు గోడకు మూరెడు దూరంలో ఎలాగో నిలబెట్టాడు. ఆమె పిల్లను రొమ్ముకు అదుముకుని ఏడుస్తోంది. అతను నన్ను కాదు, రోడ్డును తిట్టుకుంటూ పోయాడు.

పక్క పొలం గట్టు మీద భద్రయ్య నిలబడి ఉన్నాడు. ఐలేశ్ పడ్డ రోజు మొదట పరుగెత్తుకొచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన. మెల్లగా పొదల దాకా వచ్చి, కొమ్మ తీసి దులిపాడు.

"ఆనాడు కొమ్మ పెట్టింది గూడ నేనే బిడ్డా. పీకినోని మొఖం జూడలే. ఇయ్యాల జూసిన."

సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది. మూడేళ్ళు జగపతి మీద కాచుకున్న కోపమంతా తిరిగి నా మీదే పడింది. భద్రయ్య కొమ్మను నా చేతికిచ్చి నిలబడ్డాడు. నేనే దాన్ని మళ్ళీ గుంతలో నాటి, వాడిన ఆకులతో సహా ఫొటో తీసి ఎక్కించాను. కింద ఇలా రాశాను: సోమవారం పొద్దున చూశాను, కావాలనే ఎక్కించలేదు, ఈ రోజు కొమ్మ పీకింది కూడా నేనే. పేరు: కరుణ.

జగపతికి తప్పు పడలేదు. ఇన్‌స్పెక్టరు దాచినందుకు గడువు పెంచారు. ఆదివారం అతని మనుషులు వచ్చి గుంత పూడ్చారు. సోమవారం నా ఉద్యోగం పోయింది. ఆ సాయంత్రమే జగపతి ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం దాచుకోలేదు.

"నేను సంతకం కోసం పీకిన, నువ్వు పగ కోసం పీకినవ్. ఏం ఫరక్ ఉన్నది చెల్లె?"

ఏ కొమ్మ అని అడిగిన మనిషి, మూడేళ్ళకు తన నోటితో తనే చెప్పాడు. వెంటనే జవాబిచ్చాను.

"ఉన్నది. నేను పీకిన్నని రాసి పేరు పెట్టిన. నువ్వు గూడ రాసియ్యి."

అతను ఫోన్ పెట్టేశాడు.

నా పగ చల్లారిందని ఎవరైనా అనుకుంటే పొరపాటే. ఆ యాప్‌లో గుంత ఎక్కించడానికి ఉద్యోగం అక్కర్లేదు, రోడ్డు మీద నడిచేవాళ్ళెవరైనా ఎక్కించొచ్చు. భద్రయ్యకు నేర్పాను, మా అత్తకు నేర్పాను, పాలు పోసే వాళ్ళందరికీ నేర్పాను. ఇప్పుడు రోజూ పొద్దున స్కూటీ ముందు నాలుగు పచ్చి వేపకొమ్మలు పెట్టుకుని బయల్దేరతాను. గుంత కనబడితే ముందు కొమ్మ నాటుతాను, ఆ తర్వాతే ఫోన్ తీస్తాను. ఆ రోడ్డు ఇంకా ఆరేళ్ళు జగపతిదే. ఆ ఆరేళ్ళూ నేను దాని మీదే తిరుగుతాను.