మూడో మెట్టు

సెంట్రల్ స్టేషన్‌లో రైలు దిగీ దిగకముందే రాఘవమ్మత్త కొంగుముడి విప్పి ఫోటో నా చేతిలో పెట్టింది.

"ఇదిగో అబ్బయా, కాలేజీ. నన్ను ఈడికి తీసకపో!"

ముందు నడుస్తున్న నలుగురు వెనక్కి తిరిగి చూశారు. మా అత్త గొంతు అలాంటిది. గట్టు మీద నిలబడి పిలిస్తే అవతలి చేలో వాళ్ళు కొడవళ్ళు దించి చూస్తారు.

అత్త మా నాన్నకు చెల్లెలు. కావలికి తూర్పున ఆరు మైళ్ళలో వాళ్ళ ఊరు. ఆమె ఒక్కగానొక్క కొడుకు కామాక్షయ్య ఎస్సెల్సీ తప్పిన రోజున, "వీడు కాలేజీకి పోతాడంట! ముందు మడక పట్టి దున్నరా" అని మామ నలుగురిలో నవ్వాడు. వాడు మడక పట్టుకోలేదు. ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు. రెండేళ్ళు ఏ కబురూ లేదు. పోయిన దసరా అయిన వారానికి పోస్టులో ఒక కవరొచ్చింది. అందులో ఉత్తరం లేదు, ఈ ఫోటో ఒక్కటే. వెనక "మా కాలేజీ" అని రెండు మాటలు. కవరు మీది ముద్ర మసి పూసినట్టు అలుక్కుపోయి ఉంది. దాన్నెవరూ పట్టించుకోలేదు. అంత పెద్ద మేడ కళ్ళెదుట కనపడుతుంటే ముద్రతో పనేముంది? మద్రాసేనని ఊరంతా తేల్చేసింది. కోతలు కాగానే అత్త బయలుదేరింది, నేను అక్కడ చదువుతున్నాను గనక.

ఫోటోలో కామాక్షయ్య చేతులు కట్టుకుని మెట్ల ముందు నిలబడి ఉన్నాడు. వెనక గుమ్మటం, పక్కన గడియారం స్తంభం. అలాంటి మేడను నేను మద్రాసులో ఎక్కడా చూడలేదు. ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేకపోయాను. నాలుగు చోట్లు తిప్పితే ఆమే అలిసిపోయి వెనక్కి పోతుందనుకున్నాను.

ముందు బీచికి తీసుకుపోయాను. ప్రెసిడెన్సీ కాలేజీ ముందు నిలబడి ఆమె ఫోటోనీ మేడనీ మార్చి మార్చి చూసింది. "గుమ్మటముంది. మెట్లు ఇవి గావు" అంది. యూనివర్సిటీ సెనేట్ హౌసు దగ్గర "మెట్లు ఇట్నే ఉండాయి గానీ గడియారం యాడ?" అంది. అక్కడి కాపలా మనిషి తెలుగువాడే.

"కామాక్షయ్యా? యా కామాక్షయ్య తల్లీ? ఈడ చదివే పిలకాయలు వేలల్లో ఉండారు."

"కుడి కనుబొమ్మ మీద మచ్చుంటాది నాయనా. గోడ దూకబోయి పడినాడు."

"అట్నా. ఈసారి వచ్చినోళ్ళందరి కనుబొమ్మలు చూసి పెడతాలే."

అతను వేళాకోళమాడాడని అత్తకు తెలియలేదు. చల్లగా ఉండమని దీవించింది. సముద్రం చూపిద్దామంటే, "మా జువ్వలదిన్నెలో లేదా ఇది? దీనికోసం రైలెక్కాలా?" అని అటు వీపు తిప్పి నిలబడింది.

హైకోర్టుకు పోయాం. మ్యూజియానికి పోయాం. చచ్చిన జంతువుల్ని పెట్టి ఉంటారని దాన్ని మా వైపు వాళ్ళు చచ్చిన కాలేజీ అంటారు. కాలేజీ అన్న పేరున్నదాన్ని ఏదీ వదలనంది అత్త. తిమింగలం ఎముకల కింద నిలబడి చూపు అటు కూడా తిప్పలేదు. వచ్చే పోయే కుర్రవాళ్ళ ముఖాలే చూసింది.

సాయంత్రం రైలుకు ఇంకా టైముంది. స్టేషన్ పక్కనే మూర్‌మార్కెట్. అక్కడొక ఫోటో స్టూడియో బోర్డు మీద తెలుగు అక్షరాలు కనపడితే అత్తే లోపలికి దూరింది. ఆ స్టూడియో చాంద్ బాషాది. అతనిది నెల్లూరు. అతను ఫోటో చూసి నవ్వాడు.

"ఇది కట్టిన మేడ గాదమ్మా, గీసిన మేడ. గుడ్డ మీద మా అన్న ఖాదర్ బాషా గీసినాడు. గుమ్మటం హైకోర్టుది, గడియారం సెంట్రల్ స్టేషన్‌ది, మెట్లు యూనివర్సిటీవి. ఊళ్ళనించి వచ్చేవోళ్ళకు మూడూ ఒక్క ఫోటోలోనే పడాల."

అత్తకు కాలేజీ లేదన్న బాధ కలగలేదు. ముఖం వెలిగింది.

"అయితే మావోడు ఈడికే వచ్చినాడా సాయిబూ? నీ ముందరే నిలబడినాడా?"

చాంద్ బాషా ఫోటోను వెలుతురులో పెట్టి చూశాడు. నవ్వు తగ్గించాడు.

"లేదమ్మా. ఈ మూడో మెట్టు మీద గీత చూడండి. ఎలుక కొరికితే మా ఇంటామె కుట్టింది. ఆ తెర ఈడ లేదు. కుట్టినాక ఈడ వాడలేదు, పోయిన ఎండాకాలంలోనే నాయుడుపేట చిన్నపోలయ్యకు ఇచ్చేసినా. తిరనాళ్ళలో గుడారమేసుకుని ఫోటోలు తీస్తాడు."

"దసరాకి యాడుండినాడు?"

"పదిరోజులూ కావలిలోనే. కార్తీకంలో వచ్చి చెప్పినాడు, బేరం బాగుందని."

అత్త ఫోటో తీసుకుని కొంగులో ముడేసుకుంది. బయటికొచ్చాక, చిన్నపోలయ్యను నేను కనుక్కుంటానన్నాను. నాయుడుపేట ఎంత దూరమన్నాను.

"వద్దులే అబ్బయా. కావలిదాకా వచ్చినోడు ఇంటికి ఆరు మైళ్ళు నడిచి రాలా. పోస్టులో ఏసినాడు."

ఆమెను ఊళ్ళో దిగబెట్టి వద్దామని నేనూ రైలెక్కాను. గూడూరు దాటింది. అత్త కిటికీలోంచి చూస్తూ చెప్పింది.

"ఆ దసరాకి నేనూ పోయినా. చేట కొనేదానికి. ఫోటోల గుడారం పక్కనే మేదరోళ్ళు కూర్చోనుండారు. పిలకాయలు గుంపుగా ఉంటే అటు చూళ్ళా. చేట వదులుగా అల్లినారని ఆ మేదరామెతో చానాసేపు పోట్లాడినా. నా గొంతు నీకు తెలుసుగదా."

"ఆ రోజు వాడు వచ్చుండడులే అత్తా. పదిరోజుల్లో ఏ రోజో ఏమో."

"వచ్చే ఉంటే?" అంది. "వినపడే ఉంటాదిగదా?"

నాకు తెలిసిన కామాక్షయ్య ఎంత జనంలో ఉన్నా ఆ గొంతు గుర్తుపడతాడు.

కావలిలో మామ బండి కట్టుకుని వచ్చి ఉన్నాడు. ఆమె ప్లాట్‌ఫారం దాటకముందే ఎదురొచ్చాడు.

"చూసినావా కాలేజీ? వాడుండాడా?"

అత్త ఏదో చెప్పింది. పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు.

"ఏందీ?" అన్నాడు మామ, చెవి దగ్గరికి తెచ్చి.