ఎల్సమ్మ కొట్టిన లాంగ్ బెల్లు

నేను ఒక రైలు పట్టా ముక్కని. మూరెడు పొడుగు, ఎత్తబోతే నడుం పట్టేసేంత బరువు. ఇరవై ఏళ్ళు మెయిళ్ళూ గూడ్సులూ నా వీపు మీదనుంచే పరుగెత్తాయి. చివరికి అరిగిపోయానని పీకేసి, ముక్కలుగా కోశారు. నా తోబుట్టువులు ఎవరెవరి ఇళ్ళకో దూలాలయ్యారట. నన్ను మాత్రం గోదావరి గట్టు మీది ఒక బడి వరండాలో వేలాడదీసి, ఇవాళ్టి నుంచి నువ్వు గంటవి అన్నారు. మనుషుల సంగతి తెలిసిందేగా, ఎవర్నీ అడిగి చెయ్యరు.

నా భాష చిన్నది. ఒక దెబ్బ కొడితే మొదటి పీరియడు, రెండు కొడితే రెండోది. ఆగకుండా వాయిస్తే లాంగ్ బెల్లు, అంటే ఇంటికి పొండర్రా అని. ఆ లాంగ్ బెల్లుతోనే చిక్కు. పిల్లల్లో ఇరవై ఆరుగురు అవతలి లంక వాళ్ళు, పడవలో దాటాలి. వరదకి ఏరు ఎర్రబడిన రోజుల్లో హెడ్మాష్టరు జకరయ్యగారు స్వయంగా రేవుకెళ్ళి నీళ్ళు చూసొచ్చి, అప్పుడుగానీ బంట్రోతు అబ్బులు చేతికి సుత్తి ఇచ్చేవారు కాదు. గంట వినపడిందంటే ఏరు చూసే ఉంటారని పడవ పోలయ్య ధీమా. ఇంకేమీ ఆలోచించకుండా తాడు విప్పేసేవాడు.

అలాంటి బడికి ఒక ఆషాఢంలో డెన్మార్కు నుంచి ఎల్సె అనే ఆవిడ ఇంగ్లీషు చెప్పడానికి వచ్చింది. రెండు రోజుల్లో పిల్లలు ఆవిణ్ణి ఎల్సమ్మని చేసేశారు. పాపం, వచ్చిన మర్నాడే ముసురు పట్టుకుంది. తెచ్చుకున్న పుస్తకాలకి బూజు పట్టింది. సుద్దముక్కలు మెత్తబడి బోర్డు మీద రాయనన్నాయి. పొద్దున్నే చెప్పుల్లో కాలు పెడితే కప్ప. తడిసిన చీర కుచ్చిళ్ళు తొక్కుకుని వారానికి రెండుసార్లైనా మెట్ల మీద పడేది, పడి తనే ముందు నవ్వేది. తరగతిలో కారే చోటల్లా గిన్నెలు పెట్టించి, ఆ టపటపలే తాళంగా పిల్లల చేత ఇంగ్లీషు పాటలు పాడించేది. అబ్బా, ఏం గోల! నాకెంత ఇష్టంగా ఉండేదో!

"వాన ఎప్పుడు ఆగును, అబ్బులూ?" అని రోజూ అడిగేది.

"ముసురండి. దానిష్టమండి," అనేవాడు అబ్బులు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం జకరయ్యగారు పట్నం వెళ్ళారు. అబ్బులు జ్వరంతో వంటపాకలో ముసుగుతన్ని పడుకున్నాడు. భోజనాల వేళ వాన విరుచుకుపడింది. పిల్లలకి పండగే కదా, బురదలో చెడుగుడు మొదలెట్టారు. లోపలికి రమ్మని ఎల్సమ్మ గొంతు చించుకుంది. ఎవరు వింటారు? వాళ్ళ దేశంలో గంట ఆగకుండా కొడితే అందరూ లోపలికి రావాలట. రోజూ సాయంత్రం వినే గంటే అయినా, పట్టపగలు కొడితే కూడా ఇంటికనే అనుకుంటారని తట్టలేదు పాపం. సుత్తి తీసుకుని నన్ను ఎడాపెడా వాయించేసింది.

నేనేం చెయ్యను చెప్పండి! తల్లీ, ఇక్కడ దీని అర్థం వేరు అని చెప్పే నోరు నాకేదీ?

"లాంగ్ బెల్లోయ్!" అంటూ పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని రేవు వైపు పరుగే పరుగు. ఆవిడ బిత్తరపోయి చూస్తుండగా అబ్బులు గోనెపట్టా కప్పుకుని తూలుకుంటూ వచ్చాడు.

"ఎంత పని చేశారండీ అమ్మగారూ! అది ఇంటికెళ్ళే గంటండీ బాబూ! పోలయ్య పడవ ఇప్పేత్తాడండీ!"

ఇద్దరూ రేవుకి పరుగు తీశారు. అప్పటికే పడవ ఏట్లోకి వెళ్ళిపోయింది. వాన తెరలో పడవా లేదు, అవతలి ఒడ్డూ లేదు. అబ్బులు కేకలు ఆ హోరులోనే కలిసిపోయాయి. ఎల్సమ్మ వెనక్కి పరుగెత్తుకొచ్చి మళ్ళీ సుత్తి అందుకుంది. ఆవిడ చెప్పదల్చుకున్న అర్థం ఒక్కటే కదా. రండి, వెనక్కి రండి అని కొట్టింది. అరచేతులు బొబ్బలెక్కి చిట్లినా ఆపలేదు. మెయిలు బండి మీదనుంచి పోయినప్పుడు కూడా నేనంత అదరలేదు. భయమేసింది నాకు, నిజంగా.

ఎంతసేపటికో మెట్ల కింద బురదలో అడుగుల చప్పుడు. ముందు పోలయ్య, భుజాన ఒక చిన్నపిల్ల. వెనకాల బిలబిలమంటూ మిగతావాళ్ళు.

"నడేట్లో సుడి తగిలిందండి," అన్నాడు రొప్పుతూ. "పడవ గిర్రున తిరిగిపోయాక ఏ ఒడ్డు ఎటో తెలవలేదండి. ఈ గంట ఇనపడతా ఉంటే, ఆ సప్పుడెంట తెడ్డేసుకుంటా వచ్చేశానండి."

ఎల్సమ్మ ఆ మాటలు విననే లేదు. ఒక్కొక్క తల మీదా చెయ్యి వేసి లెక్కపెడుతోంది. ఆవిడకి తెలుగు అంకెలు ఇరవై దాకానే వచ్చు. ఇరవై అయిపోయాయి, ఇంకా పిల్లలు మిగిలారు. మళ్ళీ "ఒకటి" అంది. రెండు, మూడు, నాలుగు, అయిదు. పోలయ్య భుజమ్మీది పిల్ల దగ్గర "ఆరు" అని, ఆ తడినేల మీదే కూలబడి భోరుమంది.

ఆ రాత్రి పిల్లలు బడిలోనే ఉండిపోయారు. మర్నాడు ఏరు కాస్త నెమ్మదించాక లంక నుంచి తల్లులొచ్చారు. అందరికన్నా ముందు ఆ చిన్నపిల్ల తల్లి నూకరత్నం. ఎల్సమ్మ అప్పటికే పెట్టె సర్దేసుకుని వరండాలో కూర్చుంది. వాళ్ళని చూసి లేచి చేతులు జోడించి, "తప్పు నాదండి" అంది. పొద్దున్నుంచీ అబ్బులు దగ్గర వల్లెవేసిన మాట అది.

నూకరత్నం తిట్టింది. తిట్టదూ మరి, కన్నకడుపాయె! తిట్టీ తిట్టీ అలిసిపోయి, కళ్ళు తుడుచుకుని పెట్టె వైపు చూసింది.

"అదేటండీ, పెట్టె సర్దేశారు? తప్పు చేసేసి ఎల్లిపోతారా? బావుందండోయ్! మా పిల్లకి ఇంగిలీసు ఎవరు చెబుతారండీ? దానికి మీరు ఏబీసీడీలు నేర్పండి. మీకు గంట కొట్టడం అబ్బులు నేర్పుతాడు. ఆయ్."

ఎల్సమ్మకి సగమే అర్థమైనట్టుంది. కానీ నూకరత్నం పెట్టెని తనే ఎత్తి గదిలో పెట్టేసి వచ్చాక, మిగతా సగం కూడా అర్థమైంది.

ఆ ముసురు ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడు బడిలో కరెంటు బెల్లు పెట్టారు. నేను స్టోరు గది వెనక గడ్డిలో తుప్పు పడుతున్నాను. దానికేం బాధ లేదు నాకు. ఎల్సమ్మ పదకొండేళ్ళు ఉంది. నాకు చాలలేదు.