ప్రత్యేక గది ముందు వరస

మలావీలో ఓ పల్లెబడికి కొత్త మరుగుదొడ్లు కట్టారన్నమాటే గాని, వాటివల్ల అక్కడ ఎనిమిదో తరగతి చదివే అలినఫెకి ఒరిగిందేమీ లేదు. పాతవాటికి తలుపుల బదులు గోనెపట్టాలు వేలాడేవి, గట్టిగా గాలి వీస్తే పరువు పోయినట్టే. ఇప్పుడు ఇటుక గోడలు, రేకు తలుపులు, లోపల గడియలు. చివర్న ఆడపిల్లల నెలసరికని ఓ గది, అందులో నీళ్ళు, సబ్బు, గుడ్డలు ఆరేసుకునే తీగ. అంతా బాగానే ఉంది. కానీ హెడ్మాస్టరు మహానుభావుడు ఏం చేశాడంటే, వచ్చిపోయే పెద్దలకి కనబడాలని దాని తలుపు సరిగ్గా మొగపిల్లలు ఫుట్‌బాల్ ఆడే మైదానం వైపు పెట్టించి, పైన 'ఆడపిల్లల ప్రత్యేక గది' అని నీలిరంగుతో రాయించాడు. ఇంకేం కావాలి? అందులో అడుగుపెట్టడమంటే ఊరంతా టముకు వేసుకోవడమే.

మొట్టమొదట వెళ్ళింది మెర్వీస్. బయటికొచ్చేసరికి డేవీగాడు బంతి చంకలో పెట్టుకుని, "ఇవాళ మెర్వీస్‌కిరోయ్!" అని అరిచాడు. పాపం ఆ పిల్ల వారం పాటు తలెత్తుకోలేకపోయింది, ఆ తర్వాత బడికే రాలేదు. ఇక ఆ గదిలో బల్లులే కాపురం. అలినఫె కూడా ఎప్పటిలాగే నెలనెలా ఆ నాలుగు రోజులూ ఇంట్లోనే కూర్చునేది.

ఇప్పుడు ఎనిమిదో తరగతి పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. వాటిలో తప్పితే పెద్దబడి లేదు, ఇక పెళ్ళిమాటలే. లెక్కల పరీక్షనాటికి సరిగ్గా నెలసరి వచ్చేట్టుంది.

"నేను పరీక్షకి పోను," అంది అలినఫె, పొయ్యి దగ్గర గుమ్మడాకు కూర కలుపుతున్న అమ్మమ్మతో.

"ఏమే సవతీ, మీ తాతని నాకొదిలేసి ఇంకెవణ్ణన్నా చూసుకున్నావా?" అంది ముసలామె. మనవరాలిని అలా ఏడిపించకపోతే ఆవిడకి ముద్ద దిగదు. పిల్ల నవ్వలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని గది సంగతంతా చెప్పింది.

అమ్మమ్మ గరిటె పక్కన పెట్టింది. "మా అమ్మ ముంగిట్లో మేం నలుగురు అక్కచెల్లెళ్ళం. నెలసరిలో ఉన్నది కూరలో ఉప్పు వెయ్యకూడదు కదా. చిన్నపిల్లని కేకేసి 'ఇలా రా, ఉప్పెయ్యి' అన్నామా, మాతోనే ఉండే మా బావలు ఇకిలించేవాళ్ళు, 'ఓహో, ఇవాళ నీ వంతా' అని. సిగ్గుతో చచ్చేదాన్ని."

"మరేం చేశారు?"

"మా పెద్దక్క గడుసుది. ఇకనుంచి ఎవరు వండినా, ఎప్పుడు వండినా ఉప్పు చిన్నపిల్లే వెయ్యాలంది. ఆ తర్వాత ఎవరి వంతో తెలియక మా బావల ముఖాలు చూడాలి!"

అలినఫె ఏడుపాపి అమ్మమ్మ ముఖంలోకి చూసింది. "అయితే అందరం వెళ్ళాలి," అంది మెల్లగా.

"ఎక్కడికే?" ముసలామెకి అర్థం కాలేదు.

తెల్లారగానే పిల్ల వాళ్ళ టీచరు కపీరా మేడమ్ ఇంటికి పరుగెత్తింది. మేడమ్ అంతా విని, "నా బుర్రకెందుకు తట్టలేదే!" అని నెత్తి కొట్టుకుంది. వరండాలో చేతులు కడుక్కునే బకెట్టుని ఆ రోజే తీయించి ఆ గదిలో పెట్టించింది. ఆడపిల్లలెవరైనా సరే, పొద్దున్నే ఒక్కొక్కరూ లోపలికెళ్ళి, గడియ వేసుకుని, చేతులు కడుక్కున్నాకే తరగతికి రావాలంది.

లెక్కల పరీక్షనాడు అలినఫె భయపడ్డట్టే అయింది. కడుపునొప్పితోనే వరసలో నిలబడింది. ముందు కపీరా మేడమ్, వెనక ఒకటో తరగతి బుడ్డది, ఆ వెనక ఇంకా బోలెడుమంది. ఉందామా, ఇంటికి పారిపోదామా అని ఒకటే గుంజాటన. అప్పుడే మైదానంలోంచి డేవీగాడి గొంతు లేచింది.

"ఇవాళ ఎవరికిరోయ్?"

అలినఫె వరసలోంచి ఓ అడుగు పక్కకేసింది.

"నాకు!" అంది వెనకున్న బుడ్డది, ఏదో పంచిపెడుతున్నారనుకుని చెయ్యెత్తి.

వరసంతా నోరెళ్ళబెట్టింది. ఆ తర్వాత ఎవరో "నాకూ!" అన్నారు. ఇంకెవరో "నాకు కూడా!" అన్నారు.

"నాకురా డేవీ. ఏం, నీకేమన్నా కావాలా?" అని కపీరా మేడమే నడుం మీద చెయ్యేసుకుని అడిగింది. వాడు బంతి తీసుకుని జారుకున్నాడు.

తన వంతు రాగానే అలినఫె లోపలికెళ్ళి గడియ వేసుకుంది. తొందరపడలేదు. గుడ్డ మార్చుకుంది, శుభ్రంగా కడుక్కుంది, కాసేపు హాయిగా ఏడ్చింది కూడా. తర్వాత ముఖం తుడుచుకుని వెళ్ళి పరీక్ష గదిలో కూర్చుంది. గంట కొట్టి కాగితాలు లాక్కునేదాకా లేవలేదు.