తడిగా మడిచిన బండి

లైల్ నా మరిది. కిందటి సెప్టెంబరు నుంచి ఈ ఏప్రిల్ దాకా వాడి పేరు వింటే నాకు ఒళ్ళు మండేది. ఆ మంటతోనే చలికాలమంతా చలి కాచుకున్నాను. విస్కాన్సిన్‌లో జనవరి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ఆ మాత్రం మంట నాకెందుకని అడగరు.

ఇదంతా మడత బండితో వచ్చింది. కారు వెనక తగిలించుకుని పోయే బండి అది. మూసి ఉంటే నడుం ఎత్తు పెట్టె. హ్యాండిల్ తిప్పితే కప్పు పైకి లేస్తుంది, పరుపులు అటూ ఇటూ బయటికి జరుగుతాయి, చుట్టూ కాన్వాసు గోడలు నిలబడతాయి. పెళ్ళైన కొత్తలో మేం అలాంటిదొకటి అద్దెకు తీసుకుని ఉత్తరాన సరస్సు దగ్గర వారం రోజులున్నాం. దోమలు పీక్కుతిన్నాయి, సాసేజీలు బొగ్గులైపోయాయి, మూడొంతులు వానే. మా ఆయన ఓరిన్ మాత్రం ఆ వారం గురించి నలభై ఏళ్ళు చెప్పుకుని మురిశాడు. మళ్ళీ ఎందుకు వెళ్ళలేదంటే ఏం చెప్పను? కాగితం మిల్లులో షిఫ్టులు, ఇంటి పైకప్పు మరమ్మతులు, మంచాన పడ్డ మా అత్తగారు. ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం.

రిటైరయ్యేసరికి ఓరిన్ ఊపిరితిత్తులు పాడైపోయాయి. డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. పొగ, దుమ్ము, బూజు, వీటి దరిదాపులకి పోవద్దంది. అన్నిటికీ బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చే దారిలో కారులో అన్నాడు కదా:

"మార్లీ, మడత బండి ఒకటి కొందాం."

"డాక్టరమ్మ చెప్పిందేంటి, నువ్వు విన్నదేంటి?"

"ఆవిడ చెప్పనిది కూడా విన్నాను. నాకట్టే టైం లేదు. సరస్సు దగ్గర ఇంకొక్క వారం ఉండాలే. అంతకు మించి నాకేం వద్దు."

నేను కారు పక్కకి తీసి ఆపాల్సి వచ్చింది. కళ్ళు కనపడలేదు మరి.

బండి ఒక రైతు కొట్టంలో దొరికింది. మేం కొత్తలో అద్దెకు తీసుకున్న కంపెనీదే, అదే ఆకుపచ్చ చార. తాళ్ళు తెగిపోయి కప్పు లేవలేదు, ఇద్దరు మనుషులు చేతులతో ఎత్తి కర్రలు పెట్టారు. లోపల గడ్డి, ఈకలు, ఒక మూల రెండు గుడ్లు.

"కోళ్ళు దీన్ని వదల్లేకుండా ఉన్నాయి," అన్నాడు రైతు.

నేను అడుగు పెట్టగానే నేల విరిగి కాలు మోకాలిదాకా దిగబడింది. "ఇది బండి కాదయ్యా ఓరిన్, కోళ్ళ గూడు. తగలబెడదామన్నా ముందు ఆరబెట్టాలి దీన్ని!"

అతను ముక్కుకి మాస్కు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. పెళ్ళిచూపులకొచ్చినవాడిలా తల వంచి బండి కిందికి చూస్తున్నాడు. "ఇరుసు చూడవే. తుప్పు లేదు," అన్నాడు. ఇక నా మాట చెవికెక్కుతుందా?

ఆ చలికాలం మేం గ్యారేజీలోనే బతికాం. బూజు ఉన్నంతకాలం అతను లోపలికి రాకూడదు కనుక గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని పెత్తనం చేసేవాడు, చాకిరీ నాది. నేల మొత్తం పెకలించాను. చట్రాన్ని వెనిగర్‌తో కడిగాను, గీకాను, మళ్ళీ కడిగాను. కొత్త ప్లైవుడ్ కోసి బిగించి రంగు వేశాను. "ఆ మూల, మార్లీ, ఆ మూల వదిలేశావు," అని అక్కణ్ణుంచే అరిచేవాడు. "నీ మూతి మీద కూడా ఓ పూత వేస్తాను, ఉండు," అనేదాన్ని. నవ్వితే దగ్గొచ్చేది, అయినా నవ్వేవాడు.

కాన్వాసు మాత్రం ఎందుకూ పనికిరాలేదు. పాతది కుట్లు విప్పి, ఆ ముక్కల్నే కొలతగా పెట్టుకుని, మా అమ్మ కుట్టుమిషను మీద కొత్తది కుట్టాను. సూదులు విరిగాయి, నా నోటి వెంట రాకూడని మాటలు వచ్చాయి. కుట్టు కుట్టుకీ మైనం రుద్దాను. నా పెళ్ళి గౌను కూడా అంత శ్రద్ధగా కుట్టుకోలేదు.

కప్పు లేపే కప్పీలు, తాళ్ళు, పళ్ళ చక్రాలు అతని వంతు. వంటింటి బల్ల మీద పాత పేపర్లు పరిచి, ఒక్కొక్కటీ తుడిచి, గ్రీజు పెట్టి, మళ్ళీ తుడిచి మళ్ళీ పెట్టాడు. మే నెలలో వాకిట్లో మొదటిసారి హ్యాండిల్ తిప్పితే కప్పు చప్పుడు లేకుండా లేచింది. "చూశావా! చిన్నపిల్లైనా ఒంటి చేత్తో తిప్పొచ్చు," అని గంతేశాడు. అయినా ఆ హ్యాండిల్ ముట్టుకోనిచ్చేవాడు కాదు నన్ను. కప్పు లేపడం మగాడి పనిట. "నువ్వు కుట్టావు, నేను లేపుతాను" అనేవాడు.

సెప్టెంబరులో సరస్సుకి వెళ్ళాలని చోటు చెప్పి పెట్టుకున్నాం. ఆగస్టులో లైల్ వచ్చాడు. కాఫీ తాగి, ఎండల గురించి, మొక్కజొన్న గురించి మాట్లాడి, లేచి గుమ్మం దాకా వెళ్ళి, అప్పుడు అడిగాడు: "అన్నయ్యా, శని ఆదివారాలకి బండి ఇస్తావా?" మా వైపు అసలు సంగతి ఎప్పుడూ గుమ్మం దగ్గరే బయటికొస్తుంది. ఓరిన్ కాదనలేదు. తమ్ముడు అడిగితే కాదనడం అతనికి రాదు.

వాడు పోయాక నేను విరుచుకుపడ్డాను. "మనమింకా ఒక్క రాత్రి పడుకోలేదు అందులో! ఊళ్ళోవాళ్ళకి పంచడానికా నేను వేళ్ళు పొడుచుకుంది? తడిపి తెచ్చాడంటే మీ తమ్ముణ్ణి ఈ గడప తొక్కనివ్వను. చెప్తున్నాను, విను."

మడత బండి ఉన్న ఇళ్ళలో శాసనం ఒక్కటే. తడిగా మడవకూడదు. వానలో తప్పనిసరై మడిస్తే, ఇంటికి రాగానే తెరిచి ఎండలో ఆరబెట్టాలి. తడిగా మూసి ఉంచితే లోపల బూజు పెరుగుతుంది. ఆ సంగతి లైల్‌కీ తెలుసు.

ఆదివారం సాయంత్రం బండి తెచ్చాడు. బయటంతా కడిగి తళతళలాడించాడు. వాళ్ళావిడ బ్లూబెర్రీ పళ్ళు కూరి కాల్చిన 'పై' కూడా పట్టుకొచ్చాడు. అన్నదమ్ములిద్దరూ గ్యారేజీ ముందు నిలబడి మాట్లాడుకుంటుంటే నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ ఆ 'పై'ని ముక్కలు కోస్తున్నాను. వాన పడిందా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, అడగలేదు. మనిషి వస్తువు తిరిగిచ్చినప్పుడు వాడి ఎదుట తెరిచి చూడడం, పైగా ప్రశ్నలు వేయడం అంటే మా దగ్గర చెంప మీద కొట్టినట్టే. "బండి సంగతి నేను చూసుకుంటాలే," అన్నాడు ఓరిన్ లోపలికొచ్చి. కప్పు అతని పని కదా, నేను వదిలేశాను.

ఆ వారంలోనే ఒకరోజు ఏదో తేవడానికి గ్యారేజీలోకి వెళ్ళాను. బండి నాలుగు మూలలా కప్పుని పట్టి ఉంచే గొళ్ళేలు ఊడదీసి ఉన్నాయి. హ్యాండిల్ దాని కన్నంలోనే దూర్చి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. గొళ్ళేలు గట్టిగా బిగించి, హ్యాండిల్ మేకుకి తగిలించి లోపలికొచ్చాను.

"మీ తమ్ముడికి గొళ్ళెం పెట్టడం కూడా చేతకాదా?"

ఓరిన్ టీవీలో బేస్‌బాల్ చూస్తున్నాడు. తల తిప్పలేదు. "వాడి సంగతి నీకు తెలిసిందేగా," అన్నాడు.

సెప్టెంబరులో వెళ్ళాం. నీళ్ళ ఒడ్డున చోటు, బర్చ్ చెట్లు అప్పుడే పసుపెక్కుతున్నాయి. ఓరిన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి బండి చక్రాలకు అడ్డు పెట్టి వచ్చేసరికి, హ్యాండిల్ నా చేతికిచ్చాడు.

"ఈసారి నువ్వు తిప్పు."

నాకెంత సంతోషమేసిందో! పట్టాభిషేకం చేసినట్టే అనిపించింది. తిప్పాను. కప్పు లేచింది. పరుపులు బయటికి లాగాను. వాసన ముందొచ్చింది, తర్వాత కనపడింది. నేను కుట్టిన కాన్వాసు మీద నల్లటి మచ్చలు, కుట్ల వెంబడి, మడతల వెంబడి, కింది నుంచి పైదాకా. పరుపులకు కూడా పాకింది. అంత దూరాన కూర్చున్నా అతనికి దగ్గు మొదలైంది. ఆగని దగ్గు. నేను గబగబా కప్పు దించేశాను. ఇంటికి తిరిగొచ్చే దారి పొడుగునా లైల్‌ని, వాడి పెళ్ళాన్ని, వాళ్ళ బ్లూబెర్రీలని తిడుతూనే ఉన్నాను. సరస్సు దగ్గర మేం గడిపింది ఆ కాస్సేపే.

"వాణ్ణేమీ అనకు, మార్లీ," అన్నాడు ఓరిన్, కారు ఊరి దగ్గరికొచ్చాక. "పోనీలే."

ఎంత మంచివాడో అనుకున్నాను. జనవరిలో పోయాడు.

చర్చిలో లైల్ నన్ను పట్టుకుని ఏడ్చాడు. వాళ్ళావిడ నూడుల్సు, చీజు వేసి కాల్చి పెద్ద పళ్ళెం తెచ్చింది. థాంక్స్ చెప్పాను, చాలా బాగుందన్నాను. ఇంటికొచ్చి మిగిలినదంతా చెత్తలో పడేశాను. ఆ తర్వాత వాడు ఫోన్ చేస్తే బాగున్నానని చెప్పి పెట్టేసేదాన్ని. పిలవలేదు, పోలేదు.

మొన్న ఏప్రిల్‌లో తనే వచ్చాడు. కాఫీ తాగాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"వదినా, ఆ బండి నువ్వొక్కదానివే ఏం వాడతావు? మాకిచ్చెయ్. అన్నయ్య గుర్తుగా చూసుకుంటాం."

ఇన్నాళ్ళుగా నా ఒంట్లో ఉన్న మర్యాదంతా అక్కడితో అయిపోయింది. "రా," అన్నాను. గ్యారేజీలోకి తీసుకెళ్ళి హ్యాండిల్ వాడి చేతిలో పెట్టాను. "తెరువు. తెరిచి చూసి తీసుకుపో."

వాడు తిప్పాడు. కప్పు లేచింది. వాసనకి వెనక్కి తగ్గి మోచేత్తో ముక్కు మూసుకున్నాడు.

"ఇదేంటి వదినా? ఇలా ఎలా అయింది?"

"ఎలా అయిందా! సిగ్గులేదూ అడగడానికి? తడిసిన బండి మడిచి తెచ్చి, బయట తళతళా కడిగి, బ్లూబెర్రీ పై చేతిలో పెట్టి పోయావు. మీ అన్నకి ఒక్క వారం, లైల్, ఒక్క వారం కావాలన్నాడు. అది నువ్వు మింగేశావు."

లైల్ ముఖం పాలిపోయింది. "నేను చెప్పాను వదినా. ఆ సాయంత్రమే చెప్పాను అన్నయ్యకి, ఇదిగో ఈ గ్యారేజీ ముందే. వానలో మడిచామని, నేనే తెరిచి ఆరబెట్టి పోతానని. చీకటి పడుతోంది, నువ్వు పో, రేపు మేం చూసుకుంటాం అన్నాడు."

"అబద్ధం."

"మర్నాడు ఫోన్ కూడా చేశాను. నువ్వూ తనూ కలిసి వాకిట్లో తెరిచామన్నాడు. ఎండ బాగా కాసిందట, మధ్యాహ్నానికే ఆరిపోయిందట. నువ్వు నిమ్మకాయ షర్బత్ చేశావని కూడా చెప్పాడు."

నేను నిమ్మకాయ షర్బత్ చెయ్యలేదు. ఎండలో మేమిద్దరం కూర్చున్న మధ్యాహ్నం ఏదీ లేదు. ఉన్నవల్లా ఊడదీసిన గొళ్ళేలు, కన్నంలో దూర్చిన హ్యాండిల్. ఓరిన్ ఒక్కడే వచ్చాడు, నాలుగు గొళ్ళేలూ తీశాడు, తిప్పబోయాడు, ఊపిరందక తిప్పలేకపోయాడు. వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. నేను వెళ్ళి ఆ గొళ్ళేలు గట్టిగా బిగించి వచ్చాను.

నేను పక్క గదిలోనే ఉన్నాను. "మార్లీ, కాస్త రా" అంటే చాలు. తమ్ముణ్ణి గడప తొక్కనివ్వననన్నానని భయపడ్డాడా? తన చేతులిక పనికిరావని నాకు తెలియకూడదనుకున్నాడా? తెలియదు. నలభై ఏళ్ళు కాపురం చేసి, ఆ వారం పోగొట్టుకోవడానికైనా సిద్ధపడ్డాడు గానీ నన్ను పిలవలేదు. అది నేను క్షమించలేను. లైల్ మీద కోపం ఉన్నన్నాళ్ళూ ఓరిన్ నా మనసులో మంచివాడిగా ఉన్నాడు, ఇప్పుడు అదీ లేదు.

"వదినా, నేను నీకు కూడా చెప్పాల్సింది," అన్నాడు లైల్.

"చెప్పాల్సింది. నేనూ అడగాల్సింది. ఇంటికెళ్ళు, లైల్."

వాడి కారు మలుపు తిరిగేదాకా ఆగి, కప్పు దించడానికి హ్యాండిల్ పట్టుకున్నాను. పూర్తిగా దించాను. ఎందుకో మళ్ళీ లేపాను. మళ్ళీ దించాను. అతను పెట్టిన గ్రీజు ఇంకా మెత్తగానే ఉంది. ఒంటి చేత్తో తిరిగింది.