బొడ్డురాయి మీద చోటు

వీపు మీద మట్టి వత్తులు వత్తులుగా లేస్తోంది. బూడిద రంగు, ఒక్కొక్కటీ బియ్యపు పురుగంత. దుర్ముష్ గరుకు తొడుగు వేసుకున్న కుడిచేత్తో మెడ నుంచి నడుం దాకా ఒక్క ఊపున లాగాడు. ఎడమచేత్తో రాగి గిన్నెడు వేడినీళ్ళు గుమ్మరించాడు. వత్తులన్నీ పాలరాతి మీదుగా జారి కాలువ జాలీ దగ్గర ఆగాయి. అక్కడ అప్పటికే ఒక కుచ్చు పేరుకుని ఉంది. చంక వెంట్రుకలు, ఛాతీ వెంట్రుకలు, ఎవడి బొటనవేలి నుంచో ఊడి వచ్చిన చీము పట్టీ.

"తిరుగు," అన్నాడు.

ఒళ్ళు తిరిగింది. రాత్రి తాగిన సోంపు సారా చెమటతో కలిసి బయటికొస్తోంది. బొడ్డు గుంటలో నల్లగా ఏదో గడ్డకట్టింది. దుర్ముష్ వేలికి తొడుగు అంచు చుట్టి దాన్ని గెలికి తీశాడు. మొహంలో ఏ మార్పూ లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ మొహంలో ఏ మార్పూ రాలేదు.

తంటా అంతా నెత్తితోనే. వంగినప్పుడల్లా నెత్తురు తలలోకి దిగి, నడినెత్తి మీద దబ్బనాలతో కుట్లు వేస్తున్నట్టుంది. వెనక మెడ పైన, వెంట్రుకలు తవ్వి తీసిన చోట, చెమట చేరి భగ్గుమంటోంది. జుట్టు నాటించుకుని రెండు వారాలే అయింది. నెల దాకా బరువులెత్తొద్దు, వంగొద్దు, చెమట పట్టనీయొద్దు, ఆవిరిస్నానాల హమామ్ దరిదాపులకు పోవద్దు అని ఆ క్లినిక్ వాళ్ళు చెప్పారు. చేపను పట్టుకుని నీళ్ళ జోలికి పోవద్దన్నట్టుంది వ్యవహారం.

దుర్ముష్‌ది తోకాత్ వైపు పల్లె. ముందు పుట్టినవాళ్ళు ముగ్గురూ పోతే, వీడైనా నిలవాలని, ‘నిలిచినవాడు’ అనే ఆ పేరు పెట్టారు. మీసాలు రాకముందే మేనమామ వెంట ఇస్తాంబుల్ వచ్చి ఈ హమామ్‌లో పడ్డాడు. ఒళ్ళు రుద్దే పని మేనమామే నేర్పాడు. నేర్పింది పెద్దగా లేదు. తొడుగు ఎలా లాగాలో ఒక రోజులో వచ్చేసింది. మిగతాది ఒక్క మాట. "ఒరేయ్, మనిషి ఒళ్ళు చూసి మొహం చిట్లించేవాడు ఈ రాయెక్కకూడదు. రోత కడుపులో ఉండనీ, మొహం మీదికి రానీకు."

రోత కడుపులోనే ఉంచుకున్నాడు దుర్ముష్. అది అక్కడ బాగా ఇల్లు కట్టుకుంది. పాల మీద మీగడ చూస్తే వాంతి వస్తుంది. కోడి చర్మం తినలేడు. పెళ్ళయిన కొత్తలో గులిజార్ ప్రేమగా వీపు నిమరబోతే ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. ఆవిడ నవ్వేది, తర్వాత నవ్వడం మానేసింది, ఆ తర్వాత నిమరడమూ మానేసింది. కానీ హమామ్‌లో, వేడిగది నడుమ ఉన్న ఆ వెడల్పాటి పాలరాతి దిమ్మె మీద, బొడ్డురాయి అంటారే దాని మీద, అతనికొక చోటుంది. తూర్పు మూల. అక్కడ అతను రుద్దుతుంటే దొరలాగా ఉంటాడు. కుష్ఠు మచ్చలవాడినీ, గజ్జి మానినవాడినీ, ముసలివాళ్ళ జారిపోయిన తోలునూ ఒకే చేత్తో, ఒకే మొహంతో రుద్దాడు. బతుకులో గర్వంగా చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు గనక అదే చెప్పుకునేవాడు.

యజమాని పోయి కొడుకు తుగ్రుల్ వచ్చాక హమామ్‌కు కొత్త రంగులు పడ్డాయి. రుద్దేవాళ్ళందరి ఫొటోలూ తీసి ఫోన్లో పెట్టాడు. వచ్చిన విదేశీయులు వేలితో నొక్కి మనిషిని ఎంచుకోవాలి. దీనికన్నా పెళ్ళిచూపులే నయం. దుర్ముష్ ఫొటోను ఎవరూ నొక్కలేదు.

"ఏమనుకోకు ఉస్తా, ఆ బోడి తలా నువ్వూ, ఉరి తీసేవాడిలా కనపడుతున్నావు," అన్నాడు తుగ్రుల్, పనిలో పెద్దవాణ్ణి పిలిచే ఆ మర్యాద మాటతోనే.

బొడ్డురాయి మీద పని లేనివాళ్ళు కింద బాయిలర్ గదికి పోతారు. అక్కడ తడి తువాళ్ళు ఉతకాలి. దుర్ముష్‌కు మిగిలిన పాత ఖాతాదారులు ఒక్కొక్కరే పోతున్నారు, కొందరు వేరే పేటకు, కొందరు మట్టిలోకి. వారం తప్పకుండా వచ్చేవాడు ముమ్తాజ్ బే, అంటే ముమ్తాజ్ గారు, ఒక్కడే మిగిలాడు. అలాంటప్పుడు ఒక క్లినిక్ మనిషి ఒళ్ళు రుద్దించుకుంటూ, కొత్తగా పని నేర్చుకుంటున్న పిల్లలకు తల కావాలి, ఊరికే నాటిస్తాం అన్నాడు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రోజులు. దుర్ముష్ తల ఇచ్చాడు.

బల్లకున్న కంతలో మొహం పెట్టి బోర్లా పడుకోబెట్టారు. ఆ కంత అంచు ముందువాడి ఎంగిలి వాసన కొట్టింది. పైన ఇద్దరమ్మాయిలు ఎవరిదో పెళ్ళి భోజనాల గురించి వాదించుకుంటూ పొడిచారు. ఒకామె "అయ్యో" అని, మళ్ళీ ఏమీ కానట్టు పొడిచింది. రోట్లో తలపెట్టి రోకటి పోటుకు వెరవడం దేనికని పళ్ళు బిగించాడు. నాటినవి ముందు రాలతాయి, మళ్ళీ మొలుస్తాయి, కంగారు పడొద్దని ఎప్పుడో ఒకామె అంది. ఆ మాట అతని చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

బక్రీద్ ముందు శుక్రవారం హమామ్ కిటకిటలాడుతుంది. ముందురోజు తుగ్రుల్ ఫోన్ చేశాడు. "రేపు నువ్వు రాకపోతే తూర్పు మూలకు, ఇన్నాళ్ళూ నీ బదులు చేసిన సెర్కాన్‌ని ఎక్కిస్తాను ఉస్తా. ఎక్కాక దింపలేను. నీకు తెలుసుగా."

తెలుసు. తనూ అలాగే ఒకరి చోటులోకి ఎక్కినవాడే. గులిజార్ వాచిపోయిన అతని నుదుటి వైపు చూసి, టోపీ తెచ్చి చేతిలో పెట్టింది.

పొద్దున్నే టోపీ తియ్యగానే బెకిర్ పట్టుకున్నాడు. బెకిర్ పడమటి మూల మనిషి. నోరు ఊరుకోదు. "ఆరోగ్యమస్తు ఉస్తా. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనట. ఇక నీకు ఏ కొప్పు పెడదాం?"

"నీ నాలుక కోసి పెట్టు," అన్నాడు దుర్ముష్.

తుగ్రుల్ దగ్గరికొచ్చి తల వంక చూసి, రెండడుగులు వెనక్కేశాడు. "సిమిట్ రొట్టె మీద నువ్వులు అద్దినట్టుంది కదా. అవి రక్తం పక్కులా? తువాలు చుట్టుకో ఉస్తా. జనం భయపడతారు."

జనం కోసం నాటించుకున్న తలను జనానికి కనపడకుండా చుట్టుకుని రాయెక్కాడు దుర్ముష్.

ముమ్తాజ్ బే మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చాడు. బట్టల వ్యాపారి, తెల్లని బోడి ఒళ్ళు, గుమ్మడికాయంత పొట్ట. పేరుకైనా నల్లవెంట్రుక లేదు. రాయి మీద వెల్లకిలా వాలి, "ఎక్కడికి పోయావయ్యా రెండు వారాలు? ఆ సెర్కాన్ నన్ను రుద్దాడా, బుజ్జగించాడా తెలియలేదు. ఇవాళ బాగా లాగు," అన్నాడు.

"మీకోసమే లేచొచ్చాను బే," అన్నాడు దుర్ముష్. అందులో అబద్ధం లేదు.

లాగాడు. కాళ్ళు, తొడలు, పొట్ట. రెండు వారాలు కదలక మొద్దుబారిన భుజాలు పొద్దుట్నుంచీ మొరాయించి ఇప్పటికి దారికొచ్చాయి. చేతులు మళ్ళీ తనవయ్యాయి. ఎంతకాలమైందో ఇంత హాయిగా ఉండి. కానీ తువాలు కింద చెమట మరుగుతోంది. వేలాది చీమలు నెత్తిని తొలుస్తున్నట్టుంది. మొదట ఓర్చుకున్నాడు. తర్వాత మణికట్టుతో తువాలు మీదే నొక్కాడు. అది మరింత మండింది. చివరికి ఎవరూ చూడటంలేదని తువాలు లాగి పక్కన పడేసి, ముంజేత్తో నెత్తిని ఒక్కసారి అటూ ఇటూ రాశాడు. స్వర్గం కనపడింది. మళ్ళీ ఒంగి, పొట్ట మీద బలమంతా పెట్టాడు.

ముమ్తాజ్ బేకు ఒక ముచ్చట ఉంది. అది ఇక్కడి పెద్దమనుషులందరికీ ఉన్నదే. రుద్దాక తన ఒంటి నుంచి ఎంత మట్టి వచ్చిందో చూపించాలి. ఎంత ఎక్కువ వస్తే అంత సంతోషం, ఇంట్లో వాళ్ళకు చెప్పుకుంటాడు కూడా. రుద్దినవాడికీ అదే బిరుదు. అందుకే రుద్దడం పూర్తికాగానే దుర్ముష్ తొడుగు అంచుతో పొట్ట మీది వత్తులన్నీ ఒక దగ్గరికి తీసి, తొడుగు మీదికెత్తి, ఆ పెద్దమనిషి కళ్ళ ముందు పెట్టాడు. తను చూడలేదు. ముప్పై ఏళ్ళుగా చూపిస్తాడే గానీ తనెప్పుడూ చూడలేదు. చూస్తే కడుపులోది పైకొస్తుందని భయం.

"చూడండి బే, ఎంత వచ్చిందో. ఇది సెర్కాన్ వల్ల అవుతుందా?"

ముమ్తాజ్ బే నవ్వుమొహంతో తల ఎత్తాడు. చూశాడు. నవ్వు అలాగే ఉండి, కళ్ళు మాత్రం మారాయి. బూడిదరంగు వత్తుల నిండా పొట్టి నల్లవెంట్రుకలు. ఒక్కోదాని మొదట్లో ఎర్రటి పక్కు. ఒకదానికి పసుప్పచ్చని జిగురు.

"ఇది నాది కాదు," అన్నాడు మెల్లగా.

అంటూ పైకి చూశాడు. దుర్ముష్ నెత్తి మీద నుంచి చెమటచుక్క, లేత ఎరుపు కలిసింది, జారి అతని పొట్ట మీద పడింది. ముమ్తాజ్ బే మొహం ముడుచుకుంది. ముందు ముక్కు, తర్వాత పై పెదవి, తర్వాత మొహమంతా. గబగబా లేవబోయి జారి, మోచేతి మీద నిలదొక్కుకుని, తొట్టి దగ్గరికి పోయాడు. గిన్నెతో తనే నీళ్ళు గుమ్మరించుకోసాగాడు. పొట్ట మీద, మళ్ళీ పొట్ట మీద, మళ్ళీ. పక్క మూలల్లో పనులు ఆగాయి.

"అవి మళ్ళీ మొలుస్తాయి బే," అన్నాడు దుర్ముష్. ఆ అమ్మాయి మాట అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఏం లాభం. "రాలాలట. రాలితేనే మొలుస్తాయట."

"నీ మీద నాకేం కోపం లేదయ్యా," అన్నాడు ముమ్తాజ్ బే, ఇటు తిరగకుండా. "సెర్కాన్‌ని పిలవండి. సబ్బు ఎక్కువ పట్టమనండి."

దుర్ముష్ అప్పుడు తొడుగు వంక చూశాడు. నిజంగా, మొదటిసారి. ఎవరెవరివో మట్టి ఉండలు ఎన్నో వేలు కాలువలోకి తోసినవాడు, ఇది తన తలలోంచి వచ్చిందని తెలిసి చూశాడు. ముక్కు చిట్లింది, పెదవి వంకర పోయింది, ఆపుకుందామన్నా ఆగలేదు. బొడ్డురాయి మీద నిలబడి, అందరి ఎదుటా, అతని మొహం ముడుచుకుంది. ఏడుపు వచ్చినా ఇంత సిగ్గుపడేవాడు కాదు.

బెకిర్ చూశాడు. చూసి, తల తిప్పుకుని తన గిన్నెలోకి నీళ్ళు పట్టుకోసాగాడు.

తుగ్రుల్ వచ్చి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, తడిగా ఉందని వెనక్కి తీసుకున్నాడు. "ఇంటికి పో ఉస్తా. జుట్టు బాగా వచ్చాక కనపడు. తొందరేం లేదు."

జుట్టు రావడానికి ఏడాది పడుతుంది. ఎక్కినవాణ్ణి దింపలేనని నిన్న చెప్పింది ఈ మనిషే. దుర్ముష్ తూర్పు మూల మీద రెండు గిన్నెల వేడినీళ్ళు పోసి, అరచేత్తో తుడిచి శుభ్రం చేశాడు. తన తర్వాత ఎక్కేవాడికి అది మర్యాద. తొడుగు విప్పి చెత్తబుట్టలో వేశాడు. రాయి దిగి, ఉత్త కాళ్ళతో, ఎవరి వంకా చూడకుండా చల్లగది వైపు నడిచాడు. బట్టలు మార్చుకుని బాయిలర్ గది పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. టీ తెచ్చిన మనిషి అతని గ్లాసు అక్కడ పెట్టి కాసేపు చూసి, తనే తాగేశాడు.

సెర్కాన్ తూర్పు మూలకెక్కి సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డసంచిని నురుగు పొంగేలా ఊదాడు. మంచి బలమైన చేతులు, ఒత్తుగా నల్లని జుట్టు. ముమ్తాజ్ బే కళ్ళు మూసుకుని పడుకున్నాడు. కాసేపటికి సెర్కాన్ కాలికి ఏదో తగిలింది. రాయి కింద దుర్ముష్ విడిచి వెళ్ళిన చెక్క చెప్పులు. వంగి తీయబోయి, ఆగి, నేల తుడిచే కర్ర అందుకుని దాంతో గోడవారకు నెట్టాడు. కుడికాలి చెప్పు బోర్లాపడింది. మడమ దగ్గర చెక్క మేకులు తేలేదాకా అరిగిపోయి ఉంది.