ఫలితం ఖాళీగా ఉంటే

నలభై రోజులుగా మాకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

నేను పనిచేసేది వైద్య పరీక్షల కేంద్రంలో. అయినా ఏ రోగి మొహమూ చూడను. శాంపిల్ ఇచ్చిన మూడో రోజు పొద్దున కంప్యూటర్ తనంతట తానే జనానికి ఈమెయిల్ పంపుతుంది. ఆ మెయిల్ టెంప్లేట్ రాసేది నేను. "గౌరవనీయులైన" అని రాసి పక్కన మీసాల్లా వంపు తిరిగిన బ్రాకెట్లు పెడతాను. ఆ మీసాల మధ్య పేరు వచ్చి కూర్చుంటుంది. ఇంకో జత మీసాల మధ్య తేదీ, మరో జత మధ్య ఫలితం. ఒక్కసారి రాస్తే వేలమందికి వెళ్తుంది. తప్పు రాసినా అంతే.

మా మేనేజరును మేం చాటుగా ఖాళీరావు అంటాం. ఆయనకు ఖాళీ కనబడితే గిట్టదు. కొందరికి "మీ ఫలితం" అని వెళ్లేదిగానీ దాని పక్కన ఏమీ ఉండేది కాదు. వాళ్లు ఫోన్ చేసి అడిగేవాళ్లు. ఒకసారి ఒకాయన ఫోన్లోనే ఈయన్ని కడిగేశాడు. ఈయన వచ్చి నా మీద పడ్డాడు.

"ల్యాబ్ వాళ్లు నింపకపోతే నేనేం చేయనండీ? మా ఇంట్లోంచి తెచ్చి నింపనా?" అన్నాను.

"అదంతా నాకనవసరం. ఖాళీ కనబడకూడదు, అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫలితం ఖాళీగా ఉంటే దాని బదులు ఏం కనబడాలో రాయడానికి ఒక గడి ఉంటుంది. "ఫలితం ఇంకా రాలేదు" అని రాస్తే సరిపోయేది. కానీ వాక్యం ఆ చోట సరిగ్గా ఇముడుతుందో లేదో చూద్దామని ముందు నోటికొచ్చింది కొట్టాను: "ఏమీ లేదు, హాయిగా పడుకోండి." అది మా అక్క మాట. చిన్నప్పుడు నాకు మోకాలు చీరుకుపోయినా, ఒళ్లు కాలిపోతున్నా, నుదుటి మీద చెయ్యి వేసి ఆ మాటే అనేది. చూసుకున్నాక చెరిపేద్దామనుకున్నాను.

ఇంతలో ఖాళీరావు వెనక నుంచి తొంగి చూశాడు. "ఆఁ, ఇప్పుడు నిండుగా ఉంది. పెట్టేయ్."

ఆయన చదవలేదు. ఖాళీ లేదని మాత్రమే చూశాడు. నీ ఖర్మ అనుకుంటూ మీట నొక్కేసి భోజనానికి పోయాను. సాయంత్రం మార్చవచ్చులే అనుకున్నాను. సాయంత్రానికి ఇంకో గొడవ వచ్చిపడింది, అది కాస్తా మరిచిపోయాను.

వారం తిరిగేసరికి అక్క మెడలో శనగగింజంత గడ్డ కనబడింది. "మా దగ్గరే చేయిద్దాం, నేనున్నానుగా" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది నేనే. సూదితో గడ్డలోంచి కాస్త తీశారు. మూడో రోజు పొద్దున్నే అక్క ఫోన్.

"ఒసేయ్, ఏమీ లేదటే! మీవాళ్ల మెయిల్ వచ్చింది."

కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఏడ్చేశాను. అందులో ఏం రాశారో చదవమని అడగలేదు. మంచి కబురును ఎవరు గుచ్చి గుచ్చి అడుగుతారు?

ఈ రోజు మధ్యాహ్నం అక్క నాతో కలిసి తిందామని క్యారియర్ పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. మెడ చుట్టూ రుమాలు కట్టుకుంది.

"కుర్తా మెడ గుండీ పట్టడం లేదే. లావెక్కినట్టున్నాను," అని నవ్వింది.

లావెక్కిన మనిషికి బుగ్గలు లోపలికి పోతాయా?

"డాక్టరుకు చూపించుకున్నావా?"

"ఎందుకూ? మీవాళ్లే చెప్పారుగా. ఎంత ముద్దుగా రాశారో చూడు, అచ్చం నా మాటే!" అంటూ ఫోన్ నా ముందు పెట్టింది.

చదివాను. "ఇప్పుడే వస్తా" అని నా గదిలోకి పరుగెత్తి అక్క రికార్డు తెరిచాను.

గడ్డ పరీక్షలకు పది రోజులు పడుతుందట. ఆ సంగతి నాకు ఆ తెర మీదే తెలిసింది. పదో రోజున అసలు ఫలితం వచ్చి చేరింది. రెండు వరుసలు. మొదటి వరుసలోని జబ్బు పేరు చదివాక నాకు కళ్లు ఆనలేదు. రెండో వరుస చివర "ఏమాత్రం ఆలస్యం చేయకుండా" అని ఉంది. అది రాసి మూడు వారాలు దాటింది. అయినా రెండో మెయిల్ వెళ్లలేదు. ఒక పరీక్షకు ఒకటే మెయిల్ వెళ్లాలని, పదేపదే పంపితే జనం విసుక్కుంటారని, ఆ నియమం పెట్టిన తెలివైనదాన్ని కూడా నేనే. పక్కన "రోగికి తెలియజేయడమైనది" అన్న గడిలో టిక్కు, మూడో రోజు తేదీతో.

ఖాళీ ఫలితంతో మెయిల్ వెళ్లినవాళ్ల జాబితా తెరిచాను. అక్క పేరు కింద ఇంకో పేరు, ఇంకో టిక్కు. దాని కింద ఇంకోటి. కిందికి జరుపుతూ పోయాను. వస్తూనే ఉన్నాయి. హాయిగా పడుకోమని చెప్పిన ఉత్తరం మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు?

"ఏంటే, అన్నం చల్లారిపోతుంటే ఇక్కడ కూర్చున్నావ్?" అక్క గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసి గబగబా లోపలికి వచ్చింది. "అయ్యో, కళ్లు అలా ఎర్రబడ్డాయేంటి? జ్వరమా?"

నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. రుమాలు జారింది. గడ్డ ఇప్పుడు నిమ్మకాయంత ఉంది.

"ఏమీ లేదులే. సెలవు పెట్టి ఇంటికెళ్లి హాయిగా పడుకో."

ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను.

"అక్కా, కూర్చో," అన్నాను. "నీకు ఆ మాట రాసింది డాక్టరు కాదు. నేను."